తరిమెన చప్పుడు

గుడిబండలో ఒక రేకుల షెడ్డు ముందునుండి పోవుచుండగా లోపలినుండి వచ్చిన చప్పుడు నన్ను నిలిపివేసినది. అది ఇనుమును కోయునప్పటి చప్పుడు కాదు. సన్నని కూతగా మొదలై, మూలుగుగా దిగి, మరల కూతగా లేచుచుండెను. లోపల లేతు మిషను ముందు నిలిచిన పెద్దాయన కోతపనిముట్టును వెనుకకు లాగి, స్విచ్చి ఆపి, తల ప్రక్కకు వంచి వినుచుండెను. నేను పలుకరింపబోగా చేయెత్తి వారించెను. చక్కు నాలుగైదు చుట్లు తిరిగి, ఎవరో పట్టుకొన్నట్లు నిలిచిపోయినది.

"సూసినారా సార్, కరెంటు తీసినంక ఇది ఇంకా శానాసేపు తిరగల్ల. అప్పుడే నిలబడిపాయ" అనెను.

మిషను మీద ఉన్నది ఒక పంపు మోటారు షాఫ్టు. దాని యజమాని గుమ్మము దగ్గర బల్లమీద కూర్చుండి యున్నాడు. ఆయనది వక్కతోట. మూడు దినములుగా తోటకు నీరు లేదు. షాఫ్టు తయారైనగాని మోటారు దిగదు. మోటారు దిగినగాని నీరు రాదు. లేతు చప్పుడు సరిపడినగాని షాఫ్టు తయారు కాదు. ఇనుప యంత్రపు మూలుగుకును, వక్కచెట్ల ప్రాణమునకును ఉన్న సంబంధము ఆ బల్లమీద కూర్చున్న మనిషి ముఖమున కనబడుచుండెను.

గుడిబండ పూర్వము మడకశిర తాలూకాలోని గ్రామము. 1985లో మండలములు ఏర్పడిన తరువాత మండల కేంద్రమైనది. 2022లో అనంతపురము జిల్లానుండి విడివడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. మూడు వంకలను కర్ణాటక చేరువగా ఉండుటచేత ఇక్కడివారు తెలుగును కన్నడమును ఒకే ఊపిరిలో మాట్లాడుదురు. వాన తక్కువ. భూమి అడుగుననున్న నీటిని పైకి తెచ్చుకొన్నవానికే పంట. కావున ఇటువంటి ఊళ్లలో లేతు మిషను వైద్యశాల వంటిది. అరిగిన షాఫ్టులు, వదులైన బుష్షులు, పగిలిన పుల్లీలు, వేరుశనగ ఒలుచు యంత్రముల ఇరుసులు, పట్టు తీయు యంత్రముల కడ్డీలు అన్నియు దాని ముందుకే వచ్చును. ఆ వైద్యునికే జబ్బు చేసినచో ఎవరిని పిలువవలెను?

లేతు అను మాట మనకు ఇంగ్లీషువారితో వచ్చినది. కాని ఆ పని మనకు క్రొత్తది కాదు. తరిమెన అని దానికి తెలుగున చక్కని పేరు కలదు. తరిమెన పట్టుట అనగా వస్తువును త్రిప్పుచు ఉలితో చెక్కి గుండ్రము చేయుట. బేలూరు, హళేబీడు దేవాలయములలోని నల్లని స్తంభములు ఈ తిరుగుడు పనిచేతనే అంత నునుపు తేరినవని శిల్పచరిత్రకారులు చెప్పుదురు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో ఈనాటికిని అంకుడు కొయ్యను తరిమెన పట్టి లక్కబొమ్మలు చేయుచున్నారు. అచ్చట ఒక విశేషము కలదు. తిరుగుచున్న కొయ్యకు రంగులక్క కడ్డీని ఒత్తి పట్టుదురు. రాపిడి వలన వేడి పుట్టును; వేడికి లక్క కరగి కొయ్యను పట్టుకొనును. రాపిడి లేనిచో ఆ రంగు లేదు. ఏటికొప్పాక పనివానికి చుట్టమైన ఆ రాపిడియే గుడిబండ పనివానికి పగవాడు. లోహపు తరిమెన చరిత్ర అంతయు ఈ పగవానితో చేసిన బేరసారముల చరిత్ర యని చెప్పవచ్చును.

బేరసారము అని ఊరక అనలేదు. తిరుగు ఇరుసును ఒక గూడులో నిలుపవలెను. గూడు వదులైనచో ఇరుసు అదరును, చప్పుడు చేయును, కోసిన లోహముమీద అలలవంటి గుర్తులు పడును. చప్పుడు పోవలెనని గూడును బిగించినచో ఇరుసు బరువెక్కును, వేడెక్కును, తుదకు పట్టుకొనిపోవును. ఒక జబ్బునకు వేసిన మందే రెండవ జబ్బును తెచ్చును. ఎంత వదులు, ఎంత బిగువు అను ప్రశ్నకు జవాబు చెప్పుటకు రెండు శతాబ్దములు పట్టినది.

రాపిడి గురించి ఫ్రాన్సు దేశమున అమోంతో అనునతడు 1699లో నియమములు చెప్పెను. అంతకు రెండు వందల సంవత్సరములకు ముందే లియొనార్డో డా విన్సీ తన పుస్తకములలో వానిని వ్రాసి పెట్టుకొనెను గాని ప్రకటింపలేదు. 1781లో కూలుంబు వానిని విస్తరించెను. బరువు ఎంతయో రాపిడి అంత అనునది వారి సారము. ఇది పొడి వస్తువులకు చెల్లును. నూనె వేసిన ఇరుసు ఎందుకు అంత తేలికగా తిరుగునో ఈ నియమములు చెప్పజాలవు. ఈలోగా లండనులో హెన్రీ మాడ్‌స్లే 1800 ప్రాంతమున మరచుట్లు కోయు లోహపు లేతును తీర్చి పెట్టెను. పనిముట్టును మనిషి చేతినుండి తీసి, ఇనుప పట్టులో బిగించి, మరచేత నడిపించుట అతని ఘనత. యంత్రములను చేయు యంత్రము లోకమున నిలదొక్కుకొన్నది. దాని ఇరుసుమాత్రము ఇంకను కంచు గూడులో, నూనెను నమ్ముకొని, తిరుగుచునే యుండెను. 1839లో అమెరికాలో ఐజక్ బాబిట్ అనునతడు తగరము ప్రధానముగా మెత్తని మిశ్రలోహమును గూటి లోపల పూయు పద్ధతిని కనిపెట్టెను. ఇప్పటికిని మన మెకానిక్కులు దానిని బాబిట్ అనియే పిలుచుదురు. వారిలో చాలమందికి అది ఒక మనిషి పేరని తెలియదు.

ఇక నూనె మర్మము బయటపడిన కథ చెప్పవలెను. ఇది నాకు చాల ఇష్టమైన కథ.

ఇంగ్లండులో యాంత్రిక ఇంజనీర్ల సంస్థ ఇరుసుల రాపిడిని పరీక్షింపుమని బోషాంప్ టవర్ అను ఇంజనీరును నియోగించినది. 1883లో ఆయన మొదటి నివేదిక వచ్చినది. ఆయన నాలుగంగుళముల వ్యాసముగల ఇరుసుపై కంచు గూడును బోర్లించి, దానిపై బరువు వేసి, ఇరుసు అడుగుభాగమును నూనెలో ముంచి త్రిప్పెను. పరీక్ష నడుమ గూటి నడినెత్తిన అరంగుళపు రంధ్రము తొలిపించెను. పైనుండి నూనె పోయుటకు సాధనము అమర్చవలెనని ఆయన ఉద్దేశ్యము. యంత్రము తిరుగగనే నూనె లోనికి పోవుటకు మారుగా ఆ రంధ్రమునుండి పైకి ఉబికి రాసాగినది. నేల పాడగునని బిరడా కొట్టిరి. బిరడా పైకి లేచినది. కొయ్య మేకు దిగగొట్టిరి. అదియు నెమ్మదిగా పైకి వచ్చినది. అప్పుడు టవరునకు అనుమానము కలిగి పీడనమును కొలుచు గేజీని బిగించెను. అది చదరపు అంగుళమునకు 200 పౌనులవరకు చూపగలది. ముల్లు ఆ హద్దును దాటిపోయినది. గూటిపై సగటున పడుచున్న భారమో, చదరపు అంగుళమునకు సుమారు 100 పౌనులు మాత్రమే.

అనగా ఏమైనది? ఇరుసు కంచుమీద తిరుగుట లేదు. తాను తిరుగుచు నూనెను తనతో ఈడ్చుకొనిపోయి ఇరుకైన సందులోనికి నెట్టుచున్నది. ఆ నూనెపొర ఒత్తిడిచేత గూటిని, దానిపై బరువును, ఎత్తి పట్టుచున్నది. 1886లో ఆస్‌బర్న్ రేనాల్డ్స్ దీనికి గణితము కట్టెను. ఆ గణితమునకు మూలము సందు. సందు లేనిచో పొర లేదు. పొర లేనిచో లోహము లోహమును తాకును. అంతవరకు పనివారు దోషముగా నెంచిన ఆ వెంట్రుకవాసి వదులు నిజమునకు బరువు మోయు భాగమని తేలినది. కొలతలో చెప్పవలెనన్న, చిన్న లేతు ఇరుసునకు మిల్లీమీటరులో నూరవ వంతులు రెండో మూడో. మన తల వెంట్రుక మందము అంతకు రెట్టింపు ఉండును.

యంత్రములు ఇచ్చట ఆగలేదు. అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్, అతని సహచరుడు వైట్ కలిసి క్రొత్త రకపు ఉక్కు పనిముట్లు చేసి 1900లో పారిస్ ప్రదర్శనమున చూపిరి. పనిముట్టు కొన ఎఱ్ఱగా కాలుచున్నను అది లోహమును కోయుచునే యుండెను. దానితో లేతుల వేగము పెరిగినది. పాత ఇరుసులు, గూళ్లు, గేర్లు తట్టుకొనలేకపోయినవి. ఇరువదియాఱేండ్లు లోహపు కోతను పరిశోధించిన టేలరే 1906లో ఇంజనీర్ల సభలో మాట్లాడుచు, పనివాని కెదురగు చిక్కులన్నిటిలో పనిముట్టు అదురు మిక్కిలి అంతుపట్టనిదని ఒప్పుకొనెను. మహానుభావుని అజ్ఞానము చిన్నవారికి ఎంత ధైర్యమిచ్చును!

గుండ్లపై ఇరుసును నడిపించు ఆలోచన అంతకు చాల ముందటిది. వేల్సు దేశపు ఫిలిప్ వాన్ 1794లోనే బండి ఇరుసునకు గుండ్ల బేరింగు పేటెంటు పొందెను. 1898లో బండ్లు చేయు హెన్రీ టిమ్‌కెన్ ఏటవాలు రోలర్ల బేరింగునకు పేటెంటు పొందెను. కాని మన కథకు దగ్గరివాడు స్వెన్ వింక్విస్ట్. ఆయన స్వీడను దేశమున గోతెన్‌బర్గులో ఒక బట్టలమిల్లు ఇంజనీరు. మిల్లులో ఒక పొడవైన ఇరుసు కప్పుక్రింద పోవుచు బెల్టులద్వారా మగ్గములన్నిటిని నడిపించెడిది. దాని బేరింగులు మాటిమాటికి చెడిపోవుచుండెను. క్రొత్తవి వేసినను అదే గతి. దోషము బేరింగులది కాదు. మిల్లు కట్టిన నేల బంకమన్ను. అది కదలి కుంగుచున్నకొలది ఇరుసు వంకర పోవుచుండెను. వంకరపోయిన ఇరుసు బేరింగును నలుపుచుండెను. నేలను మార్చుట ఆయనకు సాధ్యము కాలేదు. కావున ఇరుసు వంగినను తానే సర్దుకొను రెండు వరుసల గుండ్ల బేరింగును ఆయన 1907లో కనిపెట్టెను. ఎస్.కె.ఎఫ్. అను సంస్థ ఆ సంవత్సరమే పుట్టినది. ఆ మూడక్షరములు నేడు హిందూపురములోని ఏ స్పేరుపార్టుల అంగడిలో చూచినను కనబడును. ధర్మవరపు మగ్గముల చప్పుడు విన్నప్పుడెల్ల నాకు ఆ స్వీడను మిల్లు జ్ఞాపకము వచ్చును.

మన దేశమున లేతుల తయారీ కథ వేరుగా చెప్పదగినంత పెద్దది. హరిహరములో మైసూరు కిర్లోస్కరు సంస్థ 1941లోను, సికింద్రాబాదులో ప్రాగా టూల్సు 1943లోను వెలసినవి. 1953లో బెంగుళూరున హిందుస్తాన్ మెషిన్ టూల్సు స్విట్జర్లాండువారి సహకారముతో ఏర్పడినది. హిందూపురమునకు బెంగుళూరు సుమారు 100 కిలోమీటర్ల దూరమే. పెద్ద కర్మాగారములలో పాతబడిన లేతులు చేతులు మారి ఇట్టి ఊళ్లకు చేరును. గుడిబండ పెద్దాయన లేతు కూడ అట్లు వచ్చినదే. దాని పేరు పలక ఊడిపోయి చాలకాలమైనది. ఇరుసు గుండ్లమీద కాక, పాత పద్ధతిని కంచు గూళ్లలో తిరుగును. టవరు పరీక్షించిన ఇరుసునకు దగ్గరి చుట్టమన్నమాట.

ఇప్పుడు మరల షెడ్డులోనికి పోదము. ఆయన వెదకిన వరుస చూడదగినది.

మొదట బెల్టు తీసివేసి మోటారును ఒంటరిగా నడిపించెను. మూడు ఫేజుల కరెంటులో ఒకటి తప్పినచో మోటారు హుమ్మని మూలుగును, బలము తగ్గును, కాలును. పల్లెలలో ఇది తరచుగా జరుగును. మోటారు నిమ్మళముగా తిరిగినది. చప్పుడు మోటారుది కాదు. పిదప బెల్టు లేకుండ చక్కును చేత త్రిప్పెను. బరువుగా ఉన్నది. మరచుట్లు కోయుటకు వాడు గేర్లను విడదీసి త్రిప్పెను. అప్పుడును బరువే. గేర్ల పళ్లు మరీ దగ్గరగా కూడినచో కూతపెట్టును. అందుకే వానిని అమర్చునప్పుడు పళ్ల నడుమ ఒక కాగితపు ముక్క పెట్టి బిగించి తరువాత తీసివేయుదురట. కాగితపు మందమే వానికి చాలిన సందు. ఇచ్చటను సందే!

తరువాత క్యారేజీని చూచెను. మోకు పెట్టి లాగినట్లుగాక, చేతిచక్రము త్రిప్పిన వ్రేలితో కదలినది. వెనుక నుండు సూదిమొన, అనగా పొడవైన కడ్డీ రెండవ కొసను నిలుపు సెంటరు, దానిని కూడ వదలలేదు. కోయుచున్నకొలది కడ్డీ వేడెక్కి పొడవగును. మీటరు పొడవుగల ఉక్కు కడ్డీ 30 డిగ్రీలు వేడెక్కినచో మిల్లీమీటరులో మూడవ వంతు పెరుగును. ఆ పెరుగుటకు చోటు లేక సెంటరును నెట్టి కూత పుట్టించును. ఉదయము సరిగానున్న మిషను మధ్యాహ్నము ఏడ్చుటకు ఇది కారణమని ఆయన చెప్పెను. కాని ఆనాటి కడ్డీ పొట్టిది. సెంటరు తీసినను కూత పోలేదు.

మిగిలినది ఇరుసు గూడు. పొడవైన స్క్రూడ్రైవరు కొసను హెడ్‌స్టాకు ముందుభాగమున ఆనించి, పిడిని చెవికి చేర్చి విని, నాకును ఇచ్చెను. చెవిలో ఇసుక నూరినట్లు వినబడినది. చేయి వేసి చూడగా ముందరి గూడు చురుక్కుమన్నది. వెనుకది గోరువెచ్చగా ఉన్నది.

"నేనే బిగిస్తి సార్" అని ఆయన మెల్లగా అనెను. పదిదినముల క్రిందట కోసిన షాఫ్టులమీద అలలు పడినవట. ఇరుసు వదులైనదని తలచి గూటి నట్టును బిగించెనట. అలలు తగ్గినవి. సంతోషించెను. తరువాత కూత మొదలైనది.

ఆ మాట చెప్పుటకు ఆయనకు కొంత సిగ్గు కలిగినట్లున్నది. నాకుమాత్రము గౌరవము కలిగినది. తప్పు తనదని తెలియక ఆయన అంతసేపు వెదకలేదు. ముందుగానే అనుమానమున్నను మిగిలిన దారులన్నియు ఒక్కొక్కటిగా మూసి, చివరకు తన చేతిదగ్గరికే వచ్చెను.

ఆ గూడు ఒక ప్రక్క చీలియుండు కంచు బుష్షు. దాని వెలుపల ఏటవాలు. రెండు కొసల రెండు నట్లు. ఒక నట్టు వదలి రెండవది బిగించిన బుష్షు అటో ఇటో జరిగి, ఇరుసును వదలుటయో పట్టుటయో చేయును. ఆయన ముందుగా లోపలి నూనెను దింపి గుడ్డమీద పోసి చూచెను. నల్లబడినది, ఎండలో పెట్టగా పసుపు మెఱుపులు కనబడినవి. కంచు కొంత అరిగినదన్నమాట. బుష్షును లాగి, గీతలు మరీ లోతుగా లేవని చూచి, మెల్లగా తుడిచి మరల పెట్టెను. నట్టును ఇంచుమించు పావుచుట్టు వదలెను. చక్కు పైభాగమున డయలు గేజీ నిలిపి, చక్కు క్రింద కొయ్యబద్ద పెట్టి పైకెత్తెను. ముల్లు నూరవ వంతులు నాలుగు చూపినది. నట్టును కొంచెము సర్దెను. మూడు. చాలుననెను. క్రొత్త నూనె పోసి అరగంట ఊరక తిరుగనిచ్చెను. కూత లేదు. స్విచ్చి ఆపగా చక్కు చాలసేపు తిరిగి, బద్ధకముగా నిలిచినది. తోట యజమాని లేచి నిలుచుండెను.

కాని కథ అప్పుడే ముగియలేదు. కోత మొదలుపెట్టగనే పాత అలలు మరల కనబడినవి. బిగువు వలన దాగిన మొదటి జబ్బు తిరిగి బయటికి వచ్చినది. యజమాని మరల కూర్చుండెను.

ఆయన పనిముట్టును పట్టునుండి తక్కువగా వెలికి వచ్చునట్లు పొట్టి చేసి బిగించెను. కొంత తగ్గినది, పోలేదు. అప్పుడు మిషను కాళ్లవద్ద కూర్చుండి ఒక పోస్టుకార్డును ఒక్కొక్క కాలి క్రిందికి దూర్చి చూడసాగెను. మూడు కాళ్ల క్రింద దూరలేదు. గోడవైపునున్న నాలుగవ కాలి క్రింద కార్డు సులువుగా పోయినది. లేపాక్షిలో వ్రేలాడు స్తంభము క్రింద యాత్రికులు గుడ్డ దూర్చి తీయుట మీలో చాలమంది చూచియుందురు. స్తంభము క్రింది సందు చూచి మనము ఆనందింతుము. లేతు కాలి క్రింది సందు చూచి ఆ పెద్దాయన నిట్టూర్చెను. పైన రేకు చిల్లుపడి, పోయిన వానకాలమున ఆ మూల నీరు కారి, నేల కుంగినది. మిషను మూడు కాళ్లమీద నిలిచి కోతకు ఊగుచుండెను. గోతెన్‌బర్గు బంకమన్నును గురించి ఆయన ఎన్నడును వినియుండడు.

ఉక్కు రేకు ముక్కలు కత్తిరించి ఆ కాలి క్రింద చేర్చి, బోల్టు బిగించి, మట్టము చూచుసరికి ప్రొద్దు వాలినది. షాఫ్టు కోయుటకు ఇంక ముప్పావు గంట పట్టినది. తుది కోతలో ఉక్కుపొట్టు నీలిరంగున చుట్టలు చుట్టలుగా రాలినది. ఆయన బొటనవ్రేలితో షాఫ్టును తడిమి, బేరింగు కూర్చుండు చోట మైక్రోమీటరుతో రెండుమారులు కొలిచి, నూనెగుడ్డలో చుట్టి ఇచ్చెను.

"రేపు పొద్దున్నే దింపుతాం అన్నా" అనుచు యజమాని దానిని బిడ్డనెత్తుకొన్నట్లు ఎత్తుకొని మోటారుసైకిలు వెనుక కూర్చుండెను. పెద్దాయన నిచ్చెన తెమ్మని కుర్రవానిని కేకవేసి, చిల్లుపడిన రేకువైపు చూచుచుండెను.